కొత్త కర్నెల్ వచ్చిన రోజు

ఆ బుధవారం సారిక వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఎనిమిదిన్నరకల్లా ఆఫీసుకు చేరాలి. గని పటాన్ని కంప్యూటర్లో ఒకసారి తెరిచి సరిచూసుకోవాలి. ఆ తర్వాత పదకొండింటి మీటింగు దాకా అమ్మ కట్టిచ్చిన ఉప్మాను తీరుబడిగా తినాలి. గోదావరిఖని చౌరస్తాలో ఆటో ఎక్కేటప్పుడు ఆమె మనసులో అంతకు మించిన చింత ఏదీ లేదు.

సారిక పెద్దగుట్ట ఓపెన్‌కాస్ట్ గని సర్వే ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు. తండ్రి ఎలీషా ఇరవై ఎనిమిదేళ్లు బొగ్గుబాయిలో పనిచేసి నడుము పోగొట్టుకున్నాడు. ఇక డ్యూటీకి పనికిరాడని డాక్టర్లు తేల్చాక ఆయన బదులు కూతురికి ఉద్యోగం వచ్చింది. ఏడాది ప్రొబేషన్ ఆ నెలాఖరుతో అయిపోతుంది. 'పని తృప్తికరం' అని సర్వే ఆఫీసరు జగదీశ్వర్ ఒక్క సంతకం పెడితే ఉద్యోగం పర్మినెంటు. ఆ సంతకం సంగతి బుధవారం మీటింగు అయ్యాక చూద్దామని ఆయన ఇప్పటికి మూడుసార్లు అన్నాడు.

మీటింగు చిన్నదేమీ కాదు. గనిని తూర్పున కమాన్‌పూర్ దిక్కుకు మరికొంత జరపాలి. హైదరాబాదు నుంచి ప్లానింగు పెద్ద అధికారి భూపాల్ వచ్చి, పటం చూసి, కొత్త హద్దుకు ఒప్పుకుంటూ సంతకం చేయాలి. పటం తెరిచే సాఫ్ట్‌వేర్ లినక్స్‌లో తప్ప నడవదు. ఆఫీసు కంప్యూటర్లో ఉన్నదేమో విండోస్. అందుకని సారిక పెద్దనాన్న కొడుకు తీతు, బెల్లంపల్లిలో కంప్యూటర్ సెంటర్ నడిపేవాడు, ఒక ఆదివారం వచ్చి ఆ కంప్యూటర్ లోపలే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌ను తయారుచేసి అందులో లినక్స్ ఎక్కించి పోయాడు. దాన్ని వర్చువల్ మెషీన్ అంటారని చెప్పాడు. "మిషన్ల మిషనా?" అంటూ జగదీశ్వర్ మానిటర్ వెనక్కి వంగి చూసి, ఏమీ కనబడక, తల ఊపి వెళ్లిపోయాడు.

తొమ్మిది నెలలు అది బుద్ధిగానే నడిచింది. మంగళవారం సాయంత్రం సారిక ఇంటికి బయల్దేరుతుండగా తెర మీద ఒక డబ్బా లేచి, కొత్త మార్పులు వచ్చాయి, వేయమంటావా అని అడిగింది. బయట షిఫ్టు బస్సు హారన్ కొట్టింది. సారిక 'సరే' నొక్కి పరిగెత్తింది.

బుధవారం పొద్దున లినక్స్ తెరిస్తే, అంత పెద్ద మానిటర్ మధ్యలో పోస్టుకార్డంత బొమ్మ వెలిగింది. చుట్టూ కటిక నలుపు. ఆ పోస్టుకార్డులో గని పటం తూర్పు మూల ముక్క ఒక్కటే కనబడుతోంది. మొత్తం పటాన్ని ఒకేసారి చూపించే బటన్ బొమ్మ అడుగంచుకు కింద ఎక్కడో ఉండిపోయింది. మౌస్‌తో ఎంత కిందికి లాగినా అందదు. తెర కొలత మారుద్దామని సెట్టింగుల్లోకి పోతే అక్కడ ఉన్నది ఒకే ఒక్క కొలత. ఎనిమిది వందలు బై ఆరు వందలు. ఇష్టముంటే అదే తీసుకోవచ్చు, లేకపోయినా అదే తీసుకోవచ్చు.

సారిక ఉప్మా డబ్బాను పక్కకు నెట్టి తీతుకు ఫోన్ చేసింది. రెండు చేతులూ కీబోర్డు మీద ఉండాలి కాబట్టి ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి నీళ్ల సీసాకు ఆనించింది. ఆ రోజు జరిగిన అనర్థాలన్నిటికీ ఆ స్పీకరే మూలం.

"అన్నా, స్క్రీన్ పురాగ చిన్నగైంది. పదకొండింటికి మీటింగ్ ఉన్నది. ఏం చెయ్యాలె?"

"రాత్రి ఏమన్న అప్‌డేట్ కొట్టినవా?" తీతుది పుట్టుకతోనే పెద్ద గొంతు. ముప్పై మంది పిల్లలకు ఒకే గదిలో పాఠం చెప్పి చెప్పి అది ఇంకా పెరిగింది.

"కొట్టిన."

"గదే మరి. కొత్త కర్నెల్ వచ్చింది. రాత్రికి రాత్రే వచ్చి కూసున్నది. ఇగ మన గెస్ట్ అడిషన్స్ దానికి సరిపోతలెవ్వు."

కర్నెల్ అంటే లినక్స్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాము. గెస్ట్ అడిషన్స్ అంటే, బయట తెర ఎంత పెద్దదో లోపలి ఉత్తుత్తి కంప్యూటర్‌కు చెప్పే చిన్న ప్రోగ్రాములు. ఈ సంగతి తీతుకు పూర్తిగా తెలుసు, సారికకు సగం తెలుసు. సరిగ్గా అప్పుడే చాయ్ ఫ్లాస్కుతో గుమ్మంలోకి వచ్చిన ఐలవ్వకు బొత్తిగా తెలియదు.

ఐలవ్వ ఆఫీసు క్యాంటీన్లో వంటామె. ఆ రోజు మీటింగుకు పదహారు మందికి భోజనాలు చేయమని ఆమెకు ముందురోజే చెప్పారు. 'కర్నల్ వచ్చింది' అన్న మాట చెవిన పడగానే, మిలిటరీలో పెద్ద ఆఫీసరును అలా అంటారని తెలిసిన ఆమె ఆగిపోయింది. వచ్చిందంటున్నారు కాబట్టి ఆడమనిషే అయ్యుండాలని కూడా అనుకుంది.

"సెట్టింగ్స్‌ల డిస్‌ప్లే కాడికి పోయి మెమరీ ఎంతున్నదో సూడు," అన్నాడు తీతు. ఆ మాట మధ్యలో బయట లారీ పోవడంతో ఐలవ్వకు చివరి ముక్కే వినబడింది. "ఎంతున్నది?"

"పదహారు."

"పదహారు ఏ మూలకొస్తది? గెస్ట్ అడిషన్స్ వచ్చినంక పదహారు అస్సలు సాలదు. నూట ఇరవై ఎనిమిది చెయ్యి."

"నూట ఇరవై ఎనిమిదా? అంత అవసరమా అన్నా?"

"అవసరమే. తక్కువ పడ్డదనుకో, మీటింగ్ మధ్యల ఆగిపోతది. పదిమందిల ఇజ్జత్ పోతది."

ఐలవ్వ ఫ్లాస్కును చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టింది. పందొమ్మిదేళ్లుగా ఆమె చేతి వంట తక్కువ పడిందన్న మాట ఏ నోటా రాలేదు. ఆమె గబగబా వంటింటికి పోయి, "పెద్ద గంజు దించుండ్రి. బియ్యం బస్తా ఇప్పుండ్రి. మిలిటరీ మేడం వస్తున్నదట, ఎంబడి మస్తు మంది గెస్టులట," అని కేకేసింది.

ఐలవ్వ అటు పోయిందో లేదో, రఘుపతి కిటికీ దగ్గరికి వచ్చాడు. ఆయన కార్మిక సంఘానికి ఆ గని పిట్ సెక్రటరీ. బసంత్‌నగర్ వైపు నుంచి వచ్చే కార్మికుల కోసం షిఫ్టు బస్సు రెండు ట్రిప్పులు తిప్పాలని పోయిన నెల యాజమాన్యంతో కూర్చుని ఒక రిజల్యూషన్, అంటే తీర్మానం, రాయించుకున్నాడు. పదకొండుసార్లు కూర్చుంటే గాని ఆ కాగితం బయటికి రాలేదు. దాని జిరాక్సు ఎప్పుడూ ఆయన చొక్కా జేబులోనే ఉంటుంది. పెళ్లిళ్లకు పోయినా తీయడు.

"ఇప్పుడు రిజల్యూషన్ ఎట్లున్నది?" అంటోంది ఫోన్, తెర కొలత గురించి.

"గట్లనే తక్కువున్నది. నిన్నటిదాంక మంచిగుండె. రాత్రికి రాత్రే సగానికి సగం తగ్గింది."

రఘుపతి చేయి జేబు మీదికి పోయింది. "ఏం తగ్గింది చెల్లె?"

"రిజల్యూషన్, రఘుపతన్నా," అంది సారిక తల తిప్పకుండానే.

"సగానికి సగమా? ఎవరు తగ్గించిన్రు?"

"ఎవరు తగ్గించలే. దానంతట అదే తగ్గింది."

"దానంతట అదే ఎట్ల తగ్గుతది? ఎన్కాల ఎవరో ఉంటరు!"

"కర్నెల్ అన్నా. కొత్త కర్నెల్ రాంగనే గిట్లయింది."

రఘుపతికి అంతా తేటతెల్లమైపోయింది. యాజమాన్యం ఎవరో మిలిటరీ మనిషిని తెచ్చి నెత్తిన పెట్టింది. ఆ మనిషి రాగానే చేసిన మొదటి పని రెండు ట్రిప్పుల బస్సును ఒక్క ట్రిప్పు చేయడం. "మంచిది చెల్లె. నువ్వన్న నిజం చెప్పినవు," అని ఆయన కళ్లు తుడుచుకుని, జనరల్ షిఫ్టు కార్మికులను పోగుచేయడానికి పరుగున వెళ్లాడు. ఆయన ఎందుకంత బాధపడ్డాడో సారికకు తెలియలేదు. లినక్స్ మీద ఇంత ప్రేమ ఉన్నవాడని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

ఆఫీసు ఇంటర్నెట్ ఆ పూట నత్తలా పాకుతోంది. గెస్ట్ అడిషన్స్ దించుకోవడానికి మూడు గంటలు పడుతుందని తెర చెప్పింది. తీతు కాసేపు ఆలోచించి, "పెన్‌డ్రైవ్ పట్టుకొని నేనే బండి మీద వస్త. అందాంక ఒక పని చెయ్యి. పాత కర్నెల్ కూడ లోపలనే ఉంటది. మిషన్ మొదలయ్యేటప్పుడు షిఫ్ట్ నొక్కి పట్టుకో, కనబడ్తది. దాన్ని ఎంచుకున్నవనుకో, అంత ఎప్పటి లెక్కనే అయితది," అని ఫోన్ పెట్టేశాడు. సారిక షిఫ్ట్ నొక్కింది. ఒకసారి తొందరగా నొక్కింది, ఒకసారి ఆలస్యంగా నొక్కింది. పన్నెండుసార్లు మూసి తెరిచినా ప్రతిసారీ కొత్త కర్నెల్లే వచ్చి, అదే పోస్టుకార్డును ముందు పెట్టింది.

తొమ్మిదిన్నరకు జగదీశ్వర్ వచ్చాడు. పై నుంచి ఏ కబురు వచ్చినా తనకు ముందే తెలుసన్నట్టు తల ఊపడం ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆయన నేర్చుకున్న ముఖ్యమైన విద్య. క్యాంటీన్ ముందు నుంచి వస్తుంటే నాలుగు పొయ్యిలు భగభగ మండుతున్నాయి.

"ఏంది ఐలవ్వా, పెండ్లి వంట లెక్కున్నది?"

"నూట ఇరవై ఎనిమిది మంది గద సార్! కర్నల్ మేడం వస్తున్నదట గద. మీకు తెల్వదా?"

"ఆఁ... తెల్వకేం," అని జగదీశ్వర్ తల ఊపాడు. నాలుగడుగులు వేశాక ఆగాడు. ఏరియా ఆఫీసుకు ఫోన్ చేద్దామని జేబులోంచి తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. అడిగితే తనకు తెలియదని వాళ్లకు తెలిసిపోతుంది. నేరుగా సారిక దగ్గరికి వెళ్లాడు.

"సారికా, ఈ కర్నల్ సంగతి నీకెప్పుడు తెలిసింది?"

సారిక కుర్చీలోంచి లేచి నిలబడింది. అప్‌డేట్ నొక్కిన సంగతి అప్పుడే సారుకు ఎవరు మోశారో ఆమెకు అంతుపట్టలేదు. దాచి లాభం లేదనుకుంది. "తప్పయింది సార్. నిన్న పొద్దుమీకి వచ్చింది. నేనే సరే అన్న."

"నువ్వు సరే అన్నవా? నిన్ను అడిగిందా?"

"అడిగింది సార్. బస్సు పోతుందని జల్దిల సరే అన్న."

జగదీశ్వర్ ఆమెను ఎగాదిగా చూశాడు. అంత పెద్ద మనిషి ఆఫీసర్ని వదిలేసి ప్రొబేషన్లో ఉన్న పిల్లను అడిగిందంటే, ఈ పిల్ల వెనుక ఎంత బలం ఉండాలి? ఆయన గొంతు దానంతట అదే మెత్తబడింది. "ఇప్పుడెక్కడున్నది అమ్మా?"

"లోపలనే ఉన్నది సార్. పాత కర్నెల్ కూడ లోపలనే ఉన్నది. షిఫ్టు పట్టుకుంటె కనబడ్తదట. గంట నుంచి పడుతున్న, దొరుకుతలేదు."

"ఇద్దరున్నరా! ఏ షిఫ్టు?"

"ఎడమ దిక్కుది సార్."

మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, రాత్రి షిఫ్టు తప్ప ఎడమ దిక్కు షిఫ్టు ఒకటుందని జగదీశ్వర్ ఎన్నడూ వినలేదు. కానీ వినలేదని ఒప్పుకోవడం ఆయన పద్ధతి కాదు. "సరే సరే, అది నేను సూసుకుంట," అని గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. వెంటనే మీటింగు కాగితం పైన, వచ్చేవాళ్ల పేర్లలో అన్నిటికంటే ముందు 'ముఖ్య అతిథి: కర్నల్ మేడం' అని టైపు చేశాడు. బంతిపూల దండ తెప్పించాడు. గేటు దగ్గర గార్డుకు సెల్యూట్ ఎలా కొట్టాలో రెండుసార్లు తానే కొట్టి చూపించాడు.

పదకొండుకు పది నిమిషాలు ఉందనగా గేటు ముందు ఒక పచ్చరంగు పాత జీపు ఆగింది. అందులోంచి ఒక పొడవాటి ఆమె దిగింది. తెల్లచీర మీద ఖాకీ రంగు స్వెటరు, కాళ్లకు నల్లబూట్లు, చంకలో ఫైలు, నిటారైన నడక. పేరు సువార్త. కంపెనీ దవాఖానలో నర్సుగా పనిచేసి రిటైరై, కమాన్‌పూర్ దగ్గర రెండెకరాల చెలక చూసుకుంటోంది. జీపు ఆమె అల్లుడిది. తన చెలక పక్కన ఒక ప్రమాదముందని ఈ ఆఫీసుకు మూడు అర్జీలు పంపింది. ఒక్కదానికీ జవాబు రాలేదు. నాలుగోది చేతికే ఇద్దామని వచ్చింది.

గార్డు ముందుకొచ్చి, "కర్నల్ మేడమేనా?" అన్నాడు.

"కర్నె. కర్నె సువార్త. జగదీశ్వర్ సారును కలవాలె," అని ఆమె ఇంటిపేరు సరిచేసింది.

గార్డుకు మొదటి రెండక్షరాలే చాలు. మడమలు టప్పున కొట్టి సెల్యూట్ చేశాడు. ఎప్పుడో తాను సూది వేసిన మనిషి కాబోలు అనుకుని సువార్త, "ఇప్పుడు మంచిగుందా బిడ్డా?" అని అతని భుజం తట్టి లోపలికి నడిచింది. అక్కడ జగదీశ్వర్ దండతో ఎదురొచ్చాడు.

"అయ్యో, గిదంత ఎందుకు సార్? నేను అర్జీ ఇచ్చి పోదామని వచ్చిన."

"అర్జీ మీరిచ్చుడేంది మేడం! మీరు ఆర్డర్ చెయ్యాలె, మేం చెయ్యాలె," అంటూ ఆయన దండ వేసేశాడు. మూడు అర్జీలకు జవాబివ్వని ఆఫీసు ఇలా సిగ్గుపడి మర్యాద చేస్తోందని సువార్త అనుకుంది. మనసు కరిగి కుర్చీలో కూర్చుంది.

పదకొండింటికి భూపాల్ కారు దిగాడు. గేటు దగ్గర నలభై మంది కార్మికులు, గాలి నిండా మసాలా వాసన, మీటింగు గదిలో మెడలో దండతో ఒక పెద్దామె. ఇంతమంది ఆసక్తి చూపిన హద్దు మీటింగు ఆయన తన సర్వీసులో చూడలేదు. జగదీశ్వర్ సువార్తను చూపించి, "మన కర్నల్ మేడం," అని మెల్లగా అన్నాడు. భూపాల్ లేచి చేయి కలిపాడు.

"ఎన్నేళ్లు సర్వీసు మేడం?"

"ముప్పై నాలుగేండ్లు సార్."

"ఎక్కువగా ఎక్కడ?"

"ఎమర్జెన్సీల. రక్తం, గాయాలు, అదే పని. ఎంతమంది చేతులల్ల ప్రాణం విడిచిన్రో, ఎంతమందిని బతికించినమో లెక్కలేదు."

భూపాల్ తన కుర్చీని కొంచెం పక్కకు జరిపి, ఆమె కుర్చీని మధ్యకు జరిపించాడు.

మూలన కంప్యూటర్ దగ్గర కూర్చున్న సారిక ఇదంతా వింటోంది. జగదీశ్వర్ ఆమె చెవి దగ్గరికి వంగాడు. "కర్నల్ మేడాన్ని పిలిచింది నువ్వే గద. లేచి నాలుగు మాటలు చెప్పు."

"నేనెవ్వరిని పిలువలేదు సార్."

"పొద్దున చెప్తివి గద, కర్నల్ వచ్చింది, నువ్వే సరే అన్నవని!"

"సార్... కర్నెల్ అంటె మనిషి కాదు సార్. కంప్యూటర్ల ఉంటది."

జగదీశ్వర్ సువార్త మెడలోని దండ వైపు చూశాడు. "మరి గీమె ఎవరు?"

"నాకేం తెల్సు సార్. దండ మీరే ఏసిన్రు."

ఆయన లెక్క వేసుకున్నాడు. భూపాల్ చేయి కలిపాడు, కుర్చీ జరిపాడు. ఇప్పుడు ఆమెను లెమ్మంటే తాను కూర్చోవలసిన కుర్చీ ఇంకెప్పటికీ దొరకదు. "ఏం మాట్లాడకు. పటం పెట్టు," అన్నాడు పళ్ల మధ్య నుంచి. "ఆ సంతకం సంగతి తర్వాత మాట్లాడుకుందాం."

సారిక ప్రొజెక్టరు వేసింది. తెల్లగోడ మీద పెద్ద నల్లటి చతురస్రం పడింది. దాని మధ్యలో చిన్న ముక్క.

"ఏమ్మా ఇది, తపాలా బిళ్లనా?" అన్నాడు భూపాల్. "మొత్తం పటం చూపించు. పది నిమిషాల్లో ముగిద్దాం."

"మొత్తం రాదు సార్. ఆ బటన్ కిందికి పోయింది. ముక్క ముక్క జరిపి చూపిస్త," అంది సారిక. కన్నీళ్లు రెప్పల దాకా వచ్చాయి. ఏడాది పాటు చేసిన పని, ఇంట్లో నడుము పట్టుకుని కూర్చున్న తండ్రి, అన్నీ ఆ తపాలా బిళ్లలోనే ఇరుక్కున్నట్టు అనిపించింది. తూర్పు మూల నుంచి మొదలుపెట్టి ఒక్కో ముక్కనూ జరపసాగింది. ఒక వాగు వచ్చింది. ఒక బండ్ల బాట వచ్చింది. భూపాల్ గడియారం చూసుకున్నాడు.

"ఆగు బిడ్డా," అంది సువార్త ఉన్నట్టుండి. "జర ఎనకకు పో. ఇంకొంచెం. ఆఁ, గిది మా చెలక." ఆమె లేచి గోడ దగ్గరికి వెళ్లి వేలు పెట్టింది. "ఈడ బొంద ఉండాలె సార్. మీ పటంల లేదు."

"ఏం బొంద మేడం?"

"పాతది. చుట్టు రాతికట్టు ఉన్నది, లోపల ఏముందో కనబడది. పోయిన వానకాలం మా పక్కింటోళ్ల దూడ పడ్డది, మల్ల పైకి రాలే. రేపు పిల్లగాండ్లు పడ్తరు, మూసెయ్యిండ్రి అని మూడు అర్జీలు పెట్టిన."

మూడు అర్జీలు అనగానే భూపాల్ జగదీశ్వర్ వైపు చూశాడు. జగదీశ్వర్ సీలింగ్ ఫ్యాను వైపు చూశాడు.

"ఎంత లోతుంటుంది?"

"కొలిచిన సార్," అంది సువార్త. చేతికున్న గడియారాన్ని చూపించింది. ముప్పై నాలుగేళ్లు రోగుల నాడి లెక్కపెట్టిన గడియారం అది. "రాయి ఇడిసిపెట్టి, దీంతోటి చూసిన. నాలుగు సెకన్లకు నీళ్ల చప్పుడు వచ్చింది. మూడుసార్లు ఏసిన, మూడుసార్లు నాలుగే."

భూపాల్ కాగితం మీద ఏదో లెక్క వేశాడు. ఆయన ముఖంలో నవ్వు మాయమైంది. "డెబ్బై మీటర్లకు తక్కువుండదు," అన్నాడు మెల్లగా. "అది బొంద కాదమ్మా. ఎప్పుడో మూసేసిన పాత బొగ్గుబాయికి గాలి కోసం దించిన దారి. అడుగున నీళ్ల చప్పుడొచ్చిందంటే ఆ బాయి మొత్తం నీళ్లతో నిండి ఉంది." ఆయన కొత్త హద్దు గీత మీద వేలు పెట్టాడు. గీత సువార్త చూపించిన చోటికి అంగుళం దూరంలో ఉంది. "ఈ గీత దాకా తవ్వితే మధ్యలో ఉన్న గోడ ఆగదు. ఆ నీళ్లన్నీ మన గనిలోకి, మన మనుషుల మీదికి వచ్చేవి."

బస్సు సంగతి అడుగుదామని గుమ్మంలో నిలబడ్డ రఘుపతి, అతని వెనుక నలభై మంది, మెడలు చాచి గోడ మీది ఆ గీతను చూశారు. ఆ గనిలో దిగేది వాళ్లే.

జగదీశ్వర్ అప్పటికే బీరువా దగ్గరికి పరుగెత్తాడు. పాతకాలపు గుడ్డ పటం చుట్టను తెచ్చి బల్ల మీద పరిచాడు. తూర్పు మూల లోపలికి మడతపడి, ఏళ్ల తరబడి అలాగే నొక్కుకుపోయి ఉంది. కంప్యూటర్‌కు ఎక్కించినప్పుడు ఆ మడతను ఎవరూ విప్పలేదు. భూపాల్ గోటితో మెల్లగా విప్పాడు. మడత కింద, చెదరని సిరాతో, చిన్న గుండ్రటి సున్నా కనబడింది.

ఆయన కొత్త హద్దు కాగితం మీద అడ్డంగా గీత కొట్టి, "ఆ గోతి చుట్టూ ఇవ్వాళే కంచె వేయించండి. హద్దు మళ్లీ గీయండి," అన్నాడు. తర్వాత సారిక వైపు తిరిగాడు. "మొత్తం పటం ఒకేసారి చూపించి ఉంటే, నేను చూసేది రంగులే. పది నిమిషాల్లో సంతకం పెట్టి అన్నానికి లేచేవాణ్ణి. ముక్క ముక్క చూపించాలన్న ఆలోచన ఎవరిది?"

జగదీశ్వర్ గొంతు సవరించుకుని ఒక అడుగు ముందుకు వేశాడు. కానీ సారిక ఇక ఆగలేకపోయింది. అప్‌డేట్ నొక్కింది, స్పీకర్లో మాట్లాడింది, కర్నెల్ అంటే ఏమిటి, గెస్ట్ అడిషన్స్ అంటే ఏమిటి, ఎడమ షిఫ్టు అంటే ఏమిటి, తన ప్రొబేషన్ సంతకం ఎందుకు ఆగింది, అంతా ఒక్క గుక్కలో కక్కేసింది. మొదట నవ్వింది సువార్త. "గందుకేనా నాకు సెల్యూట్ కొట్టింది!" అని దండ పట్టుకుని, కళ్లల్లో నీళ్లు వచ్చేలా నవ్వింది. భూపాల్ దగ్గు వచ్చేదాకా నవ్వాడు. రఘుపతి మాత్రం నవ్వలేదు.

"అదంత సరే సార్, మా రిజల్యూషన్ తగ్గలేదని రాసియ్యుండ్రి," అన్నాడు.

"ఎవరూ తగ్గించలేదు కదయ్యా."

"తగ్గించలేదనే రాసియ్యుండ్రి."

భూపాల్ రాసిచ్చాడు. బస్సు రెండు ట్రిప్పులే తిరుగుతుందని, ఎవరూ తగ్గించలేదని, తగ్గించబోరని. రఘుపతి ఆ కాగితాన్ని పాత జిరాక్సు పక్కన పెట్టుకుని, సంఘం చరిత్రలో మరో గెలుపని బయట నలభై మందికి ప్రకటించాడు. ఆ గెలుపుకు క్యాంటీన్లో భోజనాలు సిద్ధంగా ఉన్నాయి. ఐలవ్వ గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి, "మిలిటరీ వస్తేంది, రాకుంటేంది? వండిన కూడు మిగలొద్దు," అని రెండో షిఫ్టు వాళ్లను కూడా కేకేసి పిలిచింది.

దారిలో బండి పంక్చరై, రెండింటికి తీతు దుమ్ముకొట్టుకుని పెన్‌డ్రైవ్‌తో వచ్చాడు. పది నిమిషాల్లో గెస్ట్ అడిషన్స్ ఎక్కించాడు. పోస్టుకార్డు ఒక్కసారి విచ్చుకుని మానిటర్ నిండా పరుచుకుంది. దాన్ని చూడటానికి గదిలో ఎవరూ లేరు. అందరూ రెండోసారి వడ్డించుకుంటున్నారు. సారిక ప్రొబేషన్ కాగితాన్ని భూపాల్ విస్తరి పక్కన పెట్టించుకుని, జగదీశ్వర్ చేతికి పెన్ను ఇచ్చి, సంతకం అయ్యేదాకా కదలకుండా కూర్చున్నాడు. ఆ రాత్రి ఎలీషా ఆ కాగితాన్ని మూడుసార్లు చదివించుకుని, నాలుగోసారి తానే చదివాడు.

మీటింగు వివరాలు పైకి పంపాల్సి వచ్చినప్పుడు జగదీశ్వర్‌కు ఒక చిక్కు ఎదురైంది. పొద్దున టైపు చేసిన మొదటి వరుసను కొట్టేస్తే, అది ఎందుకు టైపు చేశాడో రాయాలి. కాసేపు ఆలోచించి, దాన్ని అలాగే ఉంచి పంపేశాడు. నెల రోజుల తర్వాత పెద్దాఫీసు నుంచి అన్ని గనులకూ ఒక సర్క్యులర్ వచ్చింది. పెద్దగుట్ట గనిలో జరిగినట్టే ఇకమీదట ప్రతి హద్దు పటాన్నీ ముక్కలు ముక్కలుగా, ఒక కర్నల్ సమక్షంలో మాత్రమే పరిశీలించవలెను అని అందులో ఉంది.

ఆ కర్నల్‌ను ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో మాత్రం రాయలేదు.